పేరెంట్ వేరియబుల్‌లో పిల్ల ఆబ్జెక్ట్ ఉంటే జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపే ఇంజన్) సరైన మెథడ్‌ని ఎలా పట్టుకుంటుంది? ప్రతి కాల్‌కీ వెతుకుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పేమెంట్ అనే క్లాస్ ఉంది, దాన్నుంచి యూపీఐపేమెంట్ వచ్చింది. పేమెంట్ టైపు వేరియబుల్‌లో యూపీఐ ఆబ్జెక్ట్ పెట్టి ప్రాసెస్ అనే మెథడ్‌ని పిలిస్తే యూపీఐ వాడిదే రన్ అవుతుంది. ఇంటర్వ్యూలో "ఎలా తెలుస్తుంది" అని అడిగితే మీరు "పిల్ల క్లాస్‌లో వెతుకుతుంది, అక్కడ లేకపోతే పైకి వెళ్తుంది" అన్నారు. "అయితే పది లెవెల్స్ ఉంటే పదిసార్లు వెతుకుతుందా, ప్రతి కాల్‌కీనా?" అని ఇంటర్వ్యూయర్ తిరిగి అడిగేసరికి ఆగిపోయారు. దాంతోపాటు మీ లీడ్ "ఇంటర్‌ఫేస్‌లు స్లో, అన్నీ ఫైనల్ పెట్టండి" (అంటే పిల్ల క్లాసులు మార్చలేకుండా చేయండి) అంటున్నారు, అది నిజమేనా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. పేరు పట్టుకుని వెతకడం ఒక్కసారే జరుగుతుంది. ప్రతి కాల్‌కీ జరిగేది వెతుకులాట కాదు, టేబుల్‌లో ఫలానా నంబరు గడి తెరవడం. ఆబ్జెక్ట్ హెడర్ నుంచి దాని క్లాస్‌కి, క్లాస్ దగ్గరున్న టేబుల్లో ముందే తేలిన నంబరు గడికి, అక్కడున్న అడ్రస్‌కి జంప్. పది లెవెల్స్ ఉన్నా ఇరవై ఉన్నా ఈ దారి పొడవు మారదు. కోడ్ బాగా నడుస్తుంటే జిట్ కంపైలర్ (రన్ అవుతుండగానే కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చేది) చాలాచోట్ల ఈ గడి తెరిచే పని కూడా లేకుండా చేసేస్తుంది. ఇంటర్‌ఫేస్ గురించి మీ లీడ్ చెప్పింది ఇరవయ్యేళ్ల కిందటైతే కొంత నిజం, ఇప్పుడు ఎక్కువ భాగం అపోహ.

ఇక వివరంగా. నేను అమీర్‌పేటలో జావా నేర్చుకున్న రోజుల్లో మా నోట్సులో ఒక్క లైన్ ఉండేది: ఓవర్‌లోడింగ్ (ఒకే పేరు, వేరే పారామీటర్లు) కంపైల్ టైమ్, ఓవర్‌రైడింగ్ (పేరెంట్ మెథడ్‌ని పిల్ల తిరిగి రాయడం) రన్ టైమ్. ఆ ముక్కతో రెండు ఉద్యోగాలు సంపాదించాను, అబద్ధమెందుకు. కానీ ఆ లైన్ చదివితే ఇవి రెండు వేర్వేరు ఫీచర్లు అనిపిస్తుంది. నిజానికి ఒకే కాల్ ఈ రెండు దశలూ దాటి వస్తుంది, మధ్యలో ఇంకొకటి కూడా ఉంది, దాని గురించి నోట్సులో ఎవరూ రాయరు. తర్వాత ప్రొడక్షన్‌లో నేను తిన్న దెబ్బలన్నీ దాదాపు ఆ మధ్యదాని దగ్గరే.

మొదటి దశ జావా కంపైలర్ చేసే పని. కాల్ చూడగానే అది వేరియబుల్ టైపునీ, మీరు పంపే ఆర్గ్యుమెంట్ల టైపులనీ చూస్తుంది. గమనించండి, ఆబ్జెక్ట్ టైపులు కాదు, వేరియబుల్స్ డిక్లేర్ చేసిన టైపులు. వాటిని బట్టి ఉన్న ఓవర్‌లోడ్లలో ఒకదాన్ని ఎంచుకుని క్లాస్ ఫైల్‌లో కాన్‌స్టంట్ పూల్ అనే పట్టికలో మూడు ముక్కలు రాస్తుంది: క్లాస్ పేరు, మెథడ్ పేరు, డిస్క్రిప్టర్. డిస్క్రిప్టర్ అంటే పారామీటర్ టైపులు, రిటర్న్ టైపు కలిపిన స్ట్రింగ్. రిటర్న్ టైపు కూడా అందులో భాగమే అన్న సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది. అడ్రస్సులు, నంబర్లు ఏమీ ఉండవు, ఒట్టి పేర్లే.

ఇక్కడ ఓవర్‌లోడ్ ఎంపిక అయిపోయింది, ఇంక మారదు. రసీదు అనే మెథడ్ రెండు రకాలుగా ఉందనుకోండి, ఒకటి పేమెంట్ తీసుకునేది, ఇంకొకటి యూపీఐపేమెంట్ తీసుకునేది. పేమెంట్ టైపు వేరియబుల్‌లో యూపీఐ ఆబ్జెక్ట్ పెట్టి రసీదుకి పంపితే మొదటిదే రన్ అవుతుంది. చాలామంది రెండోది అనుకుంటారు. జావా చుక్కకి ఎడమవైపున్న ఆబ్జెక్ట్‌ని మాత్రమే రన్‌టైమ్‌లో చూస్తుంది, బ్రాకెట్ల లోపల ఉన్నవాటిని చూడదు. ఆ లోటు పూడ్చుకోవడానికే ఆబ్జెక్టే తిరిగి మనల్ని పిలిచేలా రాసే విజిటర్ ప్యాటర్న్ అంటూ తంటాలు పడుతుంటాం.

రెండో దశ, నోట్సులో లేనిది: రిజల్యూషన్. జేవీఎం ఆ క్లాస్ ఫైల్‌ని లోడ్ చేసి రన్ చేస్తూ ఆ పేర్ల రిఫరెన్స్ మొట్టమొదటిసారి తగిలినప్పుడు చేసే పని ఇది. పేమెంట్ క్లాస్‌ని లోడ్ చేస్తుంది, అందులో ఆ పేరు, ఆ డిస్క్రిప్టర్ ఉన్న మెథడ్ కోసం చూస్తుంది, లేకపోతే దాని పేరెంట్, ఆ పేరెంట్‌కి పేరెంట్, చివరికి ఇంటర్‌ఫేస్‌లు. మీరు ఇంటర్వ్యూలో చెప్పిన "పైకి వెళ్తుంది" అనేది నిజమే, కానీ జరిగేది ఇక్కడ, అదీ వేరియబుల్ టైపు నుంచి మొదలై, ఆబ్జెక్ట్ టైపు నుంచి కాదు. దొరికాక యాక్సెస్ ఉందా లేదా చూసి, ఆ మెథడ్‌కి టేబుల్‌లో ఏ నంబరు గడి ఉందో తెలుసుకుని, ఆ నంబరుని కాన్‌స్టంట్ పూల్ క్యాష్‌లో రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత కోటిసార్లు పిలిచినా పేరుతో పని లేదు.

మూడోది సెలక్షన్. ఇది ప్రతి కాల్‌కీ జరుగుతుంది, దీనికే వీటేబుల్, అంటే పైన చెప్పిన గడుల టేబుల్, కావాలి.

వీటేబుల్ సంగతి లెక్కతో చెప్తాను, లేకపోతే గాల్లో ఉన్నట్టు ఉంటుంది. నేను చెప్పేది హాట్‌స్పాట్ గురించి, అంటే మనం మామూలుగా వాడే ఓపెన్‌జేడీకే లోపలి జేవీఎం. అందులో ఆబ్జెక్ట్ క్లాస్ వీటేబుల్‌లో 5 గడులు ఉంటాయి: ఫైనలైజ్, ఈక్వల్స్, టుస్ట్రింగ్, హ్యాష్‌కోడ్, క్లోన్. గెట్‌క్లాస్, వెయిట్, నోటిఫై లాంటివి ఫైనల్ కాబట్టి వాటికి గడి అక్కర్లేదు. 0 నుంచి 4 దాకా ఇవి. పేమెంట్ క్లాస్ లింక్ అయ్యేటప్పుడు ముందు ఈ ఐదింటినీ కాపీ చేసుకుంటుంది, తర్వాత తన కొత్త మెథడ్స్‌కి కింద గడులు వేసుకుంటుంది: ప్రాసెస్‌కి 5, రిఫండ్‌కి 6 అనుకుందాం. యూపీఐపేమెంట్ వచ్చినప్పుడు పేమెంట్ టేబుల్ మొత్తం కాపీ చేసుకుంటుంది. ప్రాసెస్‌ని ఓవర్‌రైడ్ చేసింది కాబట్టి 5వ గడిలో పేమెంట్ వాడి మెథడ్ తీసేసి తనది పెట్టుకుంటుంది. రిఫండ్ ముట్టుకోలేదు కాబట్టి 6లో పేమెంట్ వాడిదే ఉంటుంది. తన సొంత మెథడ్ ఏదైనా ఉంటే 7.

అంటే వారసత్వంగా ఏది వస్తుంది, ఏది మారుతుంది అనే లెక్కంతా క్లాస్ లింక్ అయ్యేటప్పుడే ఒకసారి తేల్చేసి టేబుల్‌లో పరిచేశారు. పదో తరం పిల్ల టేబుల్‌లో కూడా ప్రాసెస్ 5వ గడిలోనే ఉంటుంది. అందుకే లోతు ఎంతైనా కాల్ ఖర్చు అంతే. దీనికి చెల్లించే మూల్యం మెమరీ, ప్రతి క్లాస్‌కీ పూర్తి టేబుల్ కాపీ ఉండాలి. క్లాసులు వేలల్లో ఉండే అప్లికేషన్లలో కూడా అది పెద్ద బరువు కాదు.

కాల్ జరిగేటప్పుడు ఆబ్జెక్ట్ హెడర్ చూస్తుంది. 64 బిట్ జేవీఎంలో మామూలుగా హెడర్ 12 బైట్లు: 8 బైట్లు మార్క్ వర్డ్, 4 బైట్లు క్లాస్ పాయింటర్, కుదించిన రూపంలో. జావా 24లో మొత్తం హెడర్‌ని 8 బైట్లకి తగ్గించే ఆప్షన్ ప్రయోగాత్మకంగా వచ్చింది, అక్కడ కూడా క్లాస్ సమాచారం మార్క్ వర్డ్‌లోనే సర్ది ఉంటుంది. ఎలా ఉన్నా దారి ఒకటే, హెడర్ నుంచి క్లాస్, క్లాస్ నుంచి 5వ గడి, గడి నుంచి కోడ్. మూడు నాలుగు మెషీన్ ఇన్‌స్ట్రక్షన్ల పని.

ఇక్కడే ఒక పిట్టకథ. వేరియబుల్‌లో నల్ ఉంటే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ ఎందుకొస్తుంది? హెడర్ చదవడానికి ఆబ్జెక్టే లేదు కాబట్టి. హాట్‌స్పాట్ కంపైల్ చేసిన కోడ్‌లో చాలాచోట్ల "నల్ కాదు కదా" అని చెక్ కూడా పెట్టదు. నేరుగా చదవబోతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీ ఫాల్ట్ సిగ్నల్ పంపితే దాన్ని పట్టుకుని ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. అదే స్టాటిక్ మెథడ్‌ని నల్ ఉన్న వేరియబుల్ మీద పిలిచి చూడండి, ఏమీ కాదు, హాయిగా రన్ అవుతుంది. స్టాటిక్‌కి ఆబ్జెక్ట్‌తో పని లేదు, కంపైలర్ వేరియబుల్ టైపు మాత్రమే చూసుకుని ఆ క్లాస్ పేరు రాసేసింది. ఈ ప్రశ్న ఇంటర్వ్యూల్లో నేనూ అడుగుతుంటాను. జవాబు కంటే అవతలివాళ్లు ఎలా ఆలోచిస్తారో తెలుస్తుంది.

బైట్‌కోడ్‌లో, అంటే క్లాస్ ఫైల్‌లో ఉండే ఇన్‌స్ట్రక్షన్లలో, కాల్ చేసేవి ఐదే. ఇన్వోక్‌స్టాటిక్ గురించి ఇప్పుడే చెప్పాను. ఇన్వోక్‌స్పెషల్ కన్‌స్ట్రక్టర్లకి, సూపర్ కాల్స్‌కి వాడతారు, అక్కడ టేబుల్ చూడరు, చూస్తే సూపర్ అని పిలిచినప్పుడల్లా మళ్లీ మన దగ్గరికే వచ్చి లూపులో పడతాం. ఇన్వోక్‌వర్చువల్ మనం మాట్లాడుకున్నది. ఇన్వోక్‌ఇంటర్‌ఫేస్ కింద చెప్తాను. ఇన్వోక్‌డైనమిక్ జావా 7లో, 2011లో వచ్చింది. మొదటి కాల్ అప్పుడు ఎవర్ని పిలవాలో మనం ఇచ్చిన కోడే తేల్చి చెప్తుంది, లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) దాని మీదే నడుస్తాయి. ప్రైవేట్ మెథడ్స్‌కి పాత కంపైలర్లు ఇన్వోక్‌స్పెషల్ రాసేవి, జావా 11 నుంచి ఇన్వోక్‌వర్చువల్ రాస్తున్నాయి. కాబట్టి బైట్‌కోడ్‌లో వర్చువల్ అని కనబడినంత మాత్రాన టేబుల్ చూస్తుందని అనుకోకండి, ప్రైవేట్, ఫైనల్ మెథడ్స్‌కి జేవీఎం సెలక్షన్ లేకుండా నేరుగా వెళ్తుంది.

"పేర్లు రాసి తర్వాత వెతుక్కోవడం ఎందుకు, మొదటే నంబరు 5 అని రాసేస్తే పోలా?" అని మీకు అనిపించవచ్చు. సీ ప్లస్ ప్లస్‌లో దాదాపు అదే చేస్తారు. ఫలితం ఏమిటంటే పేరెంట్ క్లాస్ మధ్యలో ఒక కొత్త వర్చువల్ మెథడ్ చేర్చితే కింద గడులన్నీ ఒకటి జరుగుతాయి, పిల్లల్నీ పిలిచేవాళ్లనీ అందర్నీ మళ్లీ కంపైల్ చేయాలి, ఒక్కరు మర్చిపోయినా రిఫండ్ పిలిస్తే ప్రాసెస్ రన్ అవుతుంది. డబ్బుల వ్యవహారంలో అంతకంటే ఏం కావాలి! జావాలో లైబ్రరీ జార్ మాత్రం మార్చి మన కోడ్ ముట్టుకోకుండా నడపగలుగుతున్నామంటే కారణం ఆ పేర్లే. టేబుల్ ప్రతిసారీ లోడ్ అయ్యేటప్పుడు కొత్తగా కట్టుకుంటుంది, నంబర్లు ఆ రన్‌కి మాత్రమే.

ఇక ఇంటర్‌ఫేస్, అంటే ఏయే మెథడ్స్ ఉండాలో చెప్పే ఒప్పందం. క్లాస్‌కి పేరెంట్ ఒకరే కాబట్టి నంబర్లు తరతరాలకీ ఒకటే ఉంచగలిగాం. ఇంటర్‌ఫేస్‌కి ఆ సౌకర్యం లేదు. రిఫండబుల్ అనే ఇంటర్‌ఫేస్‌ని పేమెంట్ క్లాసూ ఇంప్లిమెంట్ చేస్తుంది, దాంతో ఏ చుట్టరికమూ లేని టికెట్ క్లాసూ చేస్తుంది. ఒకదాంట్లో రిఫండ్ 6వ గడిలో ఉంటే ఇంకోదాంట్లో 11లో ఉండొచ్చు. అందుకని హాట్‌స్పాట్ ప్రతి క్లాస్‌కీ ఐటేబుల్ అని ఇంకొకటి పెడుతుంది: ఈ క్లాస్ ఇంప్లిమెంట్ చేసే ఇంటర్‌ఫేస్‌ల జాబితా, ఒక్కో ఇంటర్‌ఫేస్‌కి దాని మెథడ్స్ ఎక్కడున్నాయో. కాల్ అప్పుడు ఆ జాబితాలో మన ఇంటర్‌ఫేస్ దొరికేదాకా వరసగా చూస్తుంది, దొరికాక లోపల గడి నంబరు మామూలే. అంటే మీ ఇంటర్వ్యూయర్ అడిగిన "వెతుకుతుందా" అనేదానికి నిజంగా ప్రతిసారీ వెతికే చోటు ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. మీ లీడ్ గారి మాటకి మూలం కూడా ఇదే. కాకపోతే ఆ మాట జిట్ కంపైలర్‌ని లెక్కలోకి తీసుకోలేదు.

జిట్ ఏం చేస్తుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. స్మాల్‌టాక్ అనే పాత ఆబ్జెక్ట్ భాషలో టైపులు ముందు తెలియవు కాబట్టి ప్రతి కాల్‌కీ మెథడ్ డిక్షనరీల్లో నిజంగానే వెతకాలి. 1984లో పీటర్ డాయిచ్, ఆలన్ షిఫ్‌మన్ ఒక పేపర్‌లో చూపించిన ఉపాయం చాలా సింపుల్. కోడ్‌లో ఒక ఫలానా లైన్ దగ్గర వచ్చే ఆబ్జెక్ట్ క్లాస్ చాలావరకు పోయినసారి వచ్చినదే. కాబట్టి పోయినసారి దొరికిన జవాబుని ఆ లైన్ దగ్గరే రాసిపెట్టుకుని, ఈసారి క్లాస్ అదేనా అని ఒక్క పోలిక చేసి, అవునంటే నేరుగా వెళ్లిపోవడం. ఇన్‌లైన్ క్యాష్ అంటారు. మన సందు చివర టీ కొట్టు వాడు చేసేది ఇదే. రోజూ వచ్చే ముఖం కనబడగానే చక్కెర లేకుండా ఒకటి కలిపేస్తాడు, అడగడు. ముఖం కొత్తదైతేనే అడుగుతాడు.

1991లో సెల్ఫ్ అనే భాష మీద పనిచేస్తూ ఊర్స్ హోల్జ్‌లే, క్రెయిగ్ ఛాంబర్స్, డేవిడ్ ఉంగర్ దీన్ని రెండు మూడు ముఖాలు గుర్తుపెట్టుకునేలా పెంచారు, పాలిమార్ఫిక్ ఇన్‌లైన్ క్యాష్ అని. ఆ సెల్ఫ్ అనుభవంతోనే స్ట్రాంగ్‌టాక్ అనే స్మాల్‌టాక్ వచ్చింది, దాన్ని తయారుచేసిన యానిమార్ఫిక్ కంపెనీని జావా తయారుచేసిన సన్ 1997లో కొనేసింది, 1999లో హాట్‌స్పాట్ బయటికొచ్చింది. జావా స్టాటిక్ టైపుల భాష అయినా దాని ఇంజన్ పుట్టింటివాళ్లు స్మాల్‌టాక్ వాళ్లే. నాకీ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిశాక జేవీఎం అంటే గౌరవం పెరిగింది.

ఇప్పుడు హాట్‌స్పాట్ పెద్ద కంపైలర్, సీ2 అంటారు, ఏం చేస్తుందంటే. ముందు ఇంటర్‌ప్రెటర్, చిన్న కంపైలర్ నడుపుతున్న కాలంలో ప్రతి కాల్ దగ్గరా ఏయే క్లాసులు వచ్చాయో లెక్క రాసుకుంటుంది, డిఫాల్ట్‌గా రెండు క్లాసుల పేర్లు పట్టే చోటు ఉంటుంది. ఒకటే క్లాస్ వచ్చిందా, ఒక పోలిక పెట్టి ఆ మెథడ్ బాడీని అక్కడే పరిచేస్తుంది. కాల్ అనేదే లేదిక. రెండు వచ్చాయా, రెండు పోలికలు, రెండు బాడీలు. మూడు, ఆపైన వచ్చాయా, అందులో ఒక్కటే 90 శాతం సార్లు వస్తుంటే దాన్ని మాత్రం పరుస్తుంది, మిగతావాటికి టేబుల్. ఏదీ కాదంటే నిజమైన వీటేబుల్ లేదా ఐటేబుల్ కాల్. అంటే వేగాన్ని తేల్చేది మీరు డిక్లేర్ చేసింది క్లాసా ఇంటర్‌ఫేసా అన్నది కాదు, ఆ లైన్ దగ్గరికి నిజంగా ఎన్ని రకాల ఆబ్జెక్టులు వస్తున్నాయన్నది. ఒకటే ఇంప్లిమెంటేషన్ ఉన్న ఇంటర్‌ఫేస్ కాల్‌కి, మామూలు క్లాస్ కాల్‌కి వేడెక్కాక (చాలాసార్లు రన్ అయ్యాక) తేడా పట్టుకోవడం కష్టం.

బాడీని పరచడమే అసలు లాభం, జంప్ తప్పడం కాదు. పరిచాక చుట్టూ ఉన్న కోడ్‌తో కలిపి చూడగలదు కాబట్టి అనవసరమైన చెక్‌లు, ఆబ్జెక్ట్ అలొకేషన్లు ఎగిరిపోతాయి. దీనికి సైజు హద్దులున్నాయి, మామూలు మెథడ్‌కి 35 బైట్ల బైట్‌కోడ్, బాగా వేడిగా ఉన్నదానికి 325 బైట్లు అన్నవి డిఫాల్ట్ లెక్కలు. అందుకే మూడొందల లైన్ల మెథడ్ రాసి ఫైనల్ పెట్టినంత మాత్రాన ఏమీ ఒరగదు. వేగం కావాలంటే మెథడ్ చిన్నది చేయండి.

ఫైనల్ ఎందుకు అక్కర్లేదంటే, లోడ్ అయిన క్లాసుల్లో ఈ మెథడ్‌ని ఎవరూ ఓవర్‌రైడ్ చేయలేదని జేవీఎం తనే చూసుకుంటుంది. అలాంటప్పుడు పోలిక కూడా పెట్టకుండా పరిచేస్తుంది, "ఇది ఈ నమ్మకం మీద ఆధారపడింది" అని పక్కన రాసుకుంటుంది. రేపు ఏదో ప్లగిన్ లోడ్ అయి ఓవర్‌రైడ్ చేసే పిల్ల క్లాస్ వచ్చిందనుకోండి, ఆ కంపైల్ చేసిన కోడ్‌ని చెల్లదని పక్కన పెట్టి, మళ్లీ ఇంటర్‌ప్రెటర్‌కి దిగి, కొత్తగా లెక్కలు కట్టుకుంటుంది. డీఆప్టిమైజేషన్ అంటే ఇదే. ఫైనల్ పెట్టండి, కానీ "దీన్ని ఎవరూ మార్చకూడదు" అని తోటివాళ్లకి చెప్పడానికి పెట్టండి.

నా సొంత గొడవ ఒకటి. ఒకచోట పేమెంట్ల సిస్టమ్ మీద పనిచేస్తున్నప్పుడు మా టీమ్ కుర్రాడు ఒకడు హ్యాండ్లర్ల మీద బెంచ్‌మార్క్ రాసి "ఇంటర్‌ఫేస్ కాల్‌కి ఖర్చే లేదన్నా" అని గ్రాఫ్ చూపించాడు. సంతోషించాం. తర్వాత ప్రొఫైలర్‌లో చూస్తే అసలు సర్వర్‌లో ఆ లైన్ పరచడమే జరగలేదు. కారణం మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. బెంచ్‌మార్క్‌లో యూపీఐ హ్యాండ్లర్ ఒక్కటే ఉంది. ప్రొడక్షన్‌లో అదే లైన్ దగ్గరికి యూపీఐ, కార్డ్, నెట్‌బ్యాంకింగ్, వాలెట్ అన్నీ వస్తున్నాయి. బెంచ్‌మార్క్‌లో నాలుగూ కలిపి రన్ చేసేసరికి గ్రాఫ్ మారిపోయింది. దాంతో వాడు రెండో చివరికి వెళ్లి ఇంటర్‌ఫేస్‌లన్నీ తీసేసి ఒక పెద్ద స్విచ్ రాద్దామన్నాడు. ఆపాను. తేడా కాల్‌కి కొన్ని నానోసెకన్లు, ఆ వెంటనే మేము బ్యాంకుకి చేసే నెట్‌వర్క్ కాల్ వందల మిల్లీసెకన్లు. సీరియలైజర్లు, పార్సర్లు, గేమ్ లూపులు రాసేవాళ్లు మాత్రం ఈ నానోసెకన్లు లెక్కపెట్టుకోవాల్సిందే, వాళ్ల సంగతి వేరు.

ఇప్పుడు పైన చెప్పిన మూడు దశలు కలగాపులగం చేసుకుని తిన్న దెబ్బలు, ఎందుకంటే మీకు ఇంటర్వ్యూ తర్వాత పనికొచ్చేవి ఇవే.

అన్నిటికంటే పాతది ఈక్వల్స్. నా మొదటి ఉద్యోగంలో కస్టమర్ క్లాస్‌కి ఈక్వల్స్ రాశాను, పారామీటర్ టైపు కస్టమర్ అని పెట్టాను, ఆబ్జెక్ట్ అని కాదు. హ్యాష్‌సెట్‌లో డూప్లికేట్లు వస్తూనే ఉన్నాయి. నేను చేతితో పిలిస్తే ట్రూ వస్తుంది, సెట్ పిలిస్తే ఫాల్స్. రెండు రోజులు పిచ్చెక్కింది. హ్యాష్‌సెట్ లోపలి కోడ్ ఎప్పుడో కంపైల్ అయింది, దాని కాన్‌స్టంట్ పూల్‌లో ఉన్న డిస్క్రిప్టర్ ఆబ్జెక్ట్ తీసుకునే ఈక్వల్స్. నేను రాసింది దాన్ని ఓవర్‌రైడ్ చేయలేదు, పక్కన కొత్త గడి వేసుకుంది. ఓవర్‌రైడ్ యానొటేషన్ పెట్టి ఉంటే కంపైలరే తిట్టేది. అప్పట్నుంచి అది లేని కోడ్ రివ్యూకి వస్తే వెనక్కి పంపిస్తాను, విసుక్కున్నా సరే.

రెండోది రిటర్న్ టైపు. జావా 8 వరకు బైట్‌బఫర్ మీద ఫ్లిప్ పిలిస్తే ఆ మెథడ్ పేరెంట్ అయిన బఫర్ క్లాస్‌లో ఉండేది, రిటర్న్ టైపు బఫర్. జావా 9లో బైట్‌బఫర్‌లోనే ఓవర్‌రైడ్ చేసి రిటర్న్ టైపు బైట్‌బఫర్ చేశారు. సోర్స్‌లో ఏ తేడా లేదు. మేము కొత్త జేడీకేతో, సోర్స్ 8, టార్గెట్ 8 అని పెట్టి బిల్డ్ చేసి పాత జావా 8 సర్వర్ మీద పెట్టాం. రాత్రి పదకొండింటికి నోసచ్‌మెథడ్ ఎర్రర్. "ఫ్లిప్ లేకపోవడమేంట్రా" అని అందరం నోరెళ్లబెట్టాం. డిస్క్రిప్టర్‌లో రిటర్న్ టైపు ఉంటుందని చెప్పాను కదా, కొత్త జేడీకే చూసి కంపైలర్ రాసిన డిస్క్రిప్టర్ పాత జేడీకేలో లేదు. పేరు ఒకటే అయినా జేవీఎం దృష్టిలో అది వేరే మెథడ్. రిలీజ్ 8 అనే ఆప్షన్‌తో కంపైల్ చేస్తే కంపైలర్ పాత లైబ్రరీ సంతకాలనే చూస్తుంది, గొడవ లేదు. ఇదే తిరగేసి, అంటే పాతదాంతో కంపైల్ చేసి కొత్తదాని మీద నడిపితే ఏమీ కాదు, ఎందుకంటే కొత్త బైట్‌బఫర్‌లో పాత సంతకంతో ఒక బ్రిడ్జ్ మెథడ్‌ని కంపైలరే పెట్టి ఉంచుతుంది. జెనరిక్స్ వాడినప్పుడు స్టాక్ ట్రేస్‌లో ఒకే మెథడ్ రెండుసార్లు కనబడితే కంగారుపడకండి, ఆ పైనున్నది బ్రిడ్జ్‌ని దాటి వచ్చినదే.

మూడోది కన్‌స్ట్రక్టర్. పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌లోంచి ఒక మెథడ్‌ని పిలిచాం, పిల్ల క్లాస్ దాన్ని ఓవర్‌రైడ్ చేసింది, అందులో పిల్ల ఫీల్డ్ ఒకటి వాడితే నల్. ఎందుకంటే ఆబ్జెక్ట్‌కి మెమరీ ఇచ్చేటప్పుడే హెడర్‌లో పిల్ల క్లాస్ పాయింటర్ పెట్టేస్తుంది, కన్‌స్ట్రక్టర్లు ఆ తర్వాత నడుస్తాయి. కాబట్టి పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నప్పుడు కూడా టేబుల్ పిల్లదే, ఫీల్డులు మాత్రం ఇంకా ఖాళీ. సీ ప్లస్ ప్లస్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తప్పకుండా పడతారు, అక్కడ పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడిచేంతసేపూ పేరెంట్ టేబులే ఉంటుంది.

ఫీల్డులకి టేబుల్ ఉండదు. పేరెంట్‌లో, పిల్లలో ఒకే పేరుతో ఫీల్డ్ ఉంటే వేరియబుల్ టైపుని బట్టి కంపైలర్ తేలుస్తుంది, అంతే.

పైథాన్ గురించి కూడా ఒక ముక్క, ఇంటర్వ్యూల్లో పోల్చమని అడుగుతుంటారు. అక్కడ కంపైలర్‌కి టైపులు తెలియవు, క్లాస్‌లో మెథడ్స్ ఒక డిక్షనరీ, రన్ అవుతుండగానే మార్చేయొచ్చు. కాబట్టి మీరు ఇంటర్వ్యూలో చెప్పిన "పిల్లలో వెతికి పైకి వెళ్లడం" పైథాన్‌కి సరిగ్గా సరిపోయే జవాబు. క్లాసుల వరస ముందే లెక్కకట్టి ఉంటుంది, ఆ వరసలో డిక్షనరీలు చూస్తూ పోతుంది. అక్కడ కూడా దొరికిన జవాబుని దాచుకునే క్యాష్ ఉంది, 2022లో వచ్చిన 3.11 నుంచి అయితే బైట్‌కోడ్ పక్కనే ఇన్‌లైన్ క్యాష్ పెడుతున్నారు. జావాస్క్రిప్ట్‌కి క్రోమ్‌లో ఉండే వీ8 కూడా 2008 నుంచి దాచిన క్లాసులు, ఇన్‌లైన్ క్యాష్‌ల మీదే బతుకుతోంది. అందరూ ఆ టీ కొట్టు ఉపాయం దగ్గరికే వచ్చారు.

చదివి వదిలేయకుండా చేసి చూడాలంటే అరగంట పని. జేడీకేతో వచ్చే జావాపీ టూల్‌కి వెర్బోస్ ఆప్షన్ ఇచ్చి మీ క్లాస్ ఫైల్ చూడండి, కాన్‌స్టంట్ పూల్‌లో పేర్లు, డిస్క్రిప్టర్లు కళ్లముందు కనబడతాయి. జిట్ ఏం పరిచిందో చూడాలంటే డయాగ్నస్టిక్ ఆప్షన్లు అన్‌లాక్ చేసి ప్రింట్‌ఇన్‌లైనింగ్ పెట్టండి, ఒక కాల్ దగ్గరికి ఒక క్లాస్, రెండు, నాలుగు పంపి అవుట్‌పుట్ ఎలా మారుతుందో పోల్చండి. టైమ్ కొలవాలంటే మాత్రం మామూలు లూప్ రాసి నానోటైమ్ తీయకండి, జావా బెంచ్‌మార్క్ టూల్ జేఎంహెచ్ వాడండి. చివరగా రిజల్యూషన్ అర్థం కావడానికి ఇది చేయండి: పేమెంట్‌లో ప్రాసెస్ రిటర్న్ టైపు వాయిడ్ పెట్టి, దాన్ని పిలిచే మెయిన్ క్లాస్‌తో కలిపి కంపైల్ చేయండి. తర్వాత వాయిడ్‌ని ఇంట్ చేసి, ఒక్క పేమెంట్‌ని మాత్రమే మళ్లీ కంపైల్ చేసి మెయిన్‌ని రన్ చేయండి. ప్రోగ్రామ్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది, ప్రాసెస్ పిలిచే లైన్‌కి ముందున్న ప్రింట్‌లన్నీ వస్తాయి, సరిగ్గా ఆ లైన్ దగ్గర పడిపోతుంది. స్టార్టింగ్‌లోనే ఎందుకు పడలేదో మీకు మీరే చెప్పగలిగితే ఆ ఇంటర్వ్యూయర్ దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చు. ఎర్రర్ మెసేజ్‌లో డిస్క్రిప్టర్ ఎలా వచ్చిందో చూసి ఇక్కడ రాయండి, అక్కడ్నుంచి ఇంకేమైనా డౌట్ ఉంటే చూద్దాం.